మోచేతి కింద చెయ్యి

"ఎన్ని రోజులు?"

నిన్న సాయంత్రం నుంచి అత్తయ్య నాతో అన్న మాట అదొక్కటే. ఇప్పుడు మళ్ళీ అదే అంది. నోటుబుక్కు మూసి, దాని మీద కళ్ళజోడు మడిచి పెట్టి, వంటింటి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

బయట మంచు పట్టి ఉంది. ఎదురు మేడలో పై మూడు అంతస్తులే కనబడుతున్నాయి. ఆ కిందిదంతా ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టుంది.

పాలు పొయ్యి మీద పెట్టాను. పొంగేదాకా మాట్లాడక్కర్లేదు కదా అనుకున్నాను. అవి కూడా తొందరపడలేదు.

"అడిగింది నిన్నే, అమ్మాయ్."

"గుర్తు లేదు అత్తయ్యా."

"రోజుకో గీత పెట్టమని పుస్తకం చేతికిచ్చాను. గుర్తు పెట్టుకునే శ్రమ కూడా లేకుండా. అయినా గుర్తు లేదా?"

"మొదటి నుంచీ" అన్నాను.

అంటే మూడు నెలలు. అత్తయ్య తల తిప్పలేదు. మెడ పక్కన నరం ఒకటి లేచి, మళ్ళీ అణిగింది.

మా గువ్వకి ఆరేళ్ళు. మాటలు రాలేదు. సంతోషం వస్తే గొంతులో గువ్వ కూసినట్టు చిన్న చప్పుడు చేస్తుంది. అందుకే ఆ పేరు నిలిచిపోయింది. అత్తయ్య పనిచేసే బడిలోనే, అత్తయ్య గదిలోనే కూర్చుంటుంది. వరండా చివర గది అది. మామూలు క్లాసులో ఇమడలేని పిల్లల కోసం ఎనిమిది కుర్చీలు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఎనిమిది కుర్చీల మధ్యే అత్తయ్య జీవితం. పిల్లలు ఆవిడని 'మెల్లగా టీచర్' అంటారు, ఆవిడ నోట ఎప్పుడూ ఆ మాటే కాబట్టి. మాటలొచ్చిన పిల్లలు అలా అంటారు. రానివాళ్ళు ఆవిడ కనబడగానే పరుగు ఆపి నడుస్తారు.

ఆ గదిలో ఏ పని నేర్పినా ఒకటే పద్ధతి. మొదట పిల్ల చేతి మీద చెయ్యి వేసి చేయించాలి. కొన్నాళ్ళకి ఆ చెయ్యి మోచేతి కిందికి జరుగుతుంది. ఇంకొన్నాళ్ళకి అక్కడా ఉండదు. పుస్తకంలో రోజుకి మూడు గళ్ళు. చెయ్యి పట్టి. మోచెయ్యి తాకి. తనంతట తాను. ఆ రోజు ఏది నిజమైతే ఆ గడిలో పెన్సిలుతో ఒక గీత.

గువ్వ నేర్చుకుంటున్నది జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు పోసుకోవడం. గ్లాసుకి నీలం టేపు అంటించి ఉంటుంది, అక్కడిదాకా పోసి ఆపాలి. బడిలో అత్తయ్య రాస్తుంది, ఇంట్లో నేను రాయాలి. నా పుస్తకంలో గీతలన్నీ మూడో గడిలోనే. వర్షం ఒకే పక్క కొట్టినట్టు.

నిన్న బడిలో పైపు పగిలి పిల్లల్ని తొందరగా పంపేశారు. గువ్వని తెచ్చి దించి అత్తయ్య మందుల షాపుకి వెళ్ళింది. ఎప్పుడు తిరిగొచ్చిందో, వంటింటి గుమ్మంలో ఎంతసేపు నిలబడిందో నాకు తెలీదు. నేను తలెత్తేసరికి నా ఎడమ చెయ్యి గువ్వ మోచేతి కింద ఉంది, కప్పు కింద సాసరులా. కుడి చెయ్యి మూడో గడిలో గీత పెడుతోంది.

*

ఆయన బూట్లు వేసుకుంటూ వచ్చారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. శనివారమైనా, ఆదివారమైనా ఎక్కడో ఒకచోట ఎవరో ఇరుక్కుపోయే ఉంటారు.

"ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారా?" అన్నారు. "మాకు కంప్లయింటు వస్తే అరగంటలో తలుపు తీయాలి. ఇక్కడ రాత్రి నుంచీ ఇరుక్కునే ఉన్నారు."



"సోమవారం విద్యాశాఖ ఆఫీసు నుంచి మేడమ్ వస్తోందిరా" అంది అత్తయ్య. "సొంత మనవరాలు కాబట్టి నా సంతకం ఒక్కటే చాలదట. బయటివాళ్ళు కళ్ళతో చూడాలట. రెండు పుస్తకాలూ చూస్తుంది, పిల్ల నీళ్ళు పోసుకోవడం చూస్తుంది. బాగుంటే మేడ మీది మామూలు క్లాసుకి పంపుతుంది."

"మంచిదే కదా."

"మీ ఆవిడ పుస్తకం నిండా అబద్ధం."

అబద్ధం అన్న మాట వంటింట్లో నిలబడిపోయింది. పాలు అప్పుడు పొంగాయి. నేను గిన్నె దించాను. చెయ్యి కాలింది. పైకి అనలేదు.

"అమ్మా, అంత మాట ఎందుకు?" అన్నారు ఆయన.

"మరేం అనాలి? నీకు తెలిసిన మెత్తటి మాట ఏదైనా ఉంటే చెప్పు, అదే అంటాను."

నేను గిన్నె మీద మూత పెట్టి అన్నాను. "అబద్ధం అయితే మేడమ్‌కి చెప్పేద్దాం అత్తయ్యా. ఇంకో సంవత్సరం మీ గదిలోనే ఉంచుదాం. పైన నలభైమంది పిల్లలు. ఒక్కసారి కుర్చీ వదిలితే ఇంకెవరో కూర్చుంటారు. మళ్ళీ రానివ్వరు."

"నా గది" అంది అత్తయ్య. అప్పుడు తిరిగింది. కళ్ళజోడు లేకపోతే ఆవిడ కళ్ళు చిన్నగా, ఇప్పుడే నిద్ర లేచినట్టు ఉంటాయి. "రెండు నెలల తర్వాత అది నా గది కాదు. నేను దిగిపోతున్నాను. ఆ తర్వాత ఎవరొస్తారో, ఎలా చూస్తారో. నేనుండగానే దాన్ని మెట్లెక్కించాలి. ఆ గదిలోంచి నేను పంపే ఆఖరి పిల్ల అది."

"చెయ్యి పట్టుకుంటే తప్ప పోసుకోవడం లేదు కదా."

"నీ దగ్గర పోసుకోవడం లేదు. నా దగ్గర పోసుకుంటోంది. నా పుస్తకం శుభ్రంగా ఉంది. ఈ కళ్ళతో చూసి రాశాను. నువ్వు గారాబం చేసి పాడుచేస్తున్నావు. జీవితాంతం ఒకరి మోచేతి నీళ్ళు తాగుతూ బతకాలా అది?"

నా నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. వచ్చి, అక్కడే కూర్చుంది.

*

ఆయన వెనకాలే లిఫ్టు దాకా వెళ్ళాను, గువ్వని ఎత్తుకుని. గువ్వకి మా మేడ లిఫ్టు అంటే ప్రాణం. తలుపులు దగ్గరికి జరిగే చోట సన్నటి వెలుగు గీత ఒకటి మిగిలి, అదీ పోతుంది. అది పోయేటప్పుడు తన ఊపిరి కూడా ఆపుతుంది.

లోపలికి వెళ్ళాం. తలుపు మూసుకుంది. గువ్వ ఊపిరి ఆపింది.

"ఏమండీ, ఒక మాట చెప్పాలి."

"చెప్పు. తొమ్మిది అంతస్తులు టైముంది."

"నేను అలా గీతలు ఎందుకు పెట్టానో తెలుసా?"

"అమ్మని సంతోషపెడదామని."

"అదీ ఉంది." నేను గువ్వ జుట్టులో మొహం దాచుకున్నాను. "అసలు అలాగే పెట్టాలేమో అనుకున్నాను. మూడు నెలల కిందట ఒకరోజు గువ్వ టిఫిన్ డబ్బా మరిచిపోయింది కదా. ఇవ్వడానికి వెళ్ళాను. ఆ గది తలుపుకి గుండ్రటి అద్దం ఉంటుంది. అందులోంచి చూశాను."

అంతస్తు అంకెలు ఒక్కొక్కటే వెలిగి ఆరుతున్నాయి.

"అత్తయ్య దాని పక్కన వంగి ఉంది. గువ్వ నీళ్ళు పోస్తోంది. అత్తయ్య చెయ్యి దాని మోచేతి కింద ఉంది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. అయ్యాక పుస్తకం తీసి మూడో గడిలో గీత పెట్టింది. సరే, అంతమాత్రం తాకినా తనంతట తాను అనే లెక్క కాబోలు అనుకున్నాను. ఇంటికొచ్చి నేనూ అలాగే చేశాను."

ఆయన వేలు ఒక మీట మీద నొక్కి పెట్టారు. లిఫ్టు ఆగింది. ఏ అంతస్తూ కాని చోట, గోడకీ గోడకీ మధ్య. పైనెక్కడో తాళ్ళు చిన్నగా ఊగుతున్న చప్పుడు.

"అమ్మకి చెప్పావా?"

"నేను తొమ్మిదో తరగతితో ఆపేసినదాన్ని. ఆవిడకి నేను చెప్పడమా?"

"ఒక్కసారే చూశావు. ఆ ఒక్కరోజే పట్టుకుందేమో."

"ఏమో. కానీ ఆవిడకి ఆ సంగతి తెలీదండీ. అదే నాకు భయం. దాచిపెట్టే మనిషి మొహం కాదది. నిద్రలో ఉన్న మనిషి మొహం."

గువ్వ లిఫ్టు గోడకి చెవి ఆనించింది.

"చెప్పకు" అన్నారు చివరికి. "ముప్పై ఒక్క ఏళ్ళు. ఇంక రెండు నెలలుంది. ఇప్పుడు ఆ మాట ఆవిడ తట్టుకోదు."

"చెప్పకపోతే గువ్వ పైకి వెళ్తుంది."

"వెళ్ళనీ."

"అక్కడ ఎవరు పట్టుకుంటారు?"

ఆయన మీట వదిలేశారు. లిఫ్టు కదిలింది. "మేం బాగుచేసిన ప్రతి లిఫ్టునీ మనుషుల్ని ఎక్కించే ముందు ఒకసారి ఖాళీగా పంపి చూస్తాం" అన్నారు, నాకు కాదు, తలుపుకి చెబుతున్నట్టు. "ఖాళీగా పంపితే పడినా ఎవరికీ దెబ్బ తగలదు."

"గువ్వ లిఫ్టు కాదు."

"తెలుసు" అన్నారు.

కింద తలుపు తెరుచుకుంది. వెలుగు మీద పడగానే గువ్వ కూసింది.

*

ప్రతి శనివారం మధ్యాహ్నం లాండ్రీ అక్క వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. చిన్నప్పుడు ఆ చివరి గదిలో, తలుపు పక్క కుర్చీలో కూర్చునేది. ఇప్పుడు పెద్ద లాండ్రీలో దుప్పట్లు మడత పెడుతుంది. ఆసుపత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చే తెల్ల దుప్పట్లు, రోజంతా. సెలవు పూట మా ఇంటికొచ్చి మళ్ళీ మా బట్టలు మడత పెడుతుంది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది.

ఆమె వస్తే అత్తయ్య మొహం మారిపోతుంది. ఇవాళ కూడా మారింది. కళ్ళజోడు పెట్టుకుంది.

"ఈ వారం ఎన్ని?" అంది.

"చాలా" అంది లాండ్రీ అక్క. ఆమె జవాబు ఎప్పుడూ అదే. తువ్వాలు తీసి రెండు అంచులూ కలిపింది. అంచుకి అంచు అంటుకున్నప్పుడు ఆమె కళ్ళు సగం మూతపడతాయి.

వంటింటి బల్ల మీద జగ్గు, గ్లాసు పెట్టింది అత్తయ్య. గువ్వని కుర్చీలో కూర్చోబెట్టింది. "చూద్దాం. నువ్వు చేతులు కట్టుకో, అమ్మాయ్."

కట్టుకున్నాను. గువ్వ జగ్గు పిడి పట్టుకుంది. ఎత్తలేదు. పట్టుకుని అలాగే కూర్చుంది. నీళ్ళలో కిటికీ కనబడుతోంది, గువ్వ దాన్నే చూస్తోంది. బల్ల మీద ఎండ ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిగేంతసేపు.

"నువ్వు ఎదురుగా ఉన్నావు, అందుకే" అంది అత్తయ్య. "నువ్వుంటే అది నీ చెయ్యి కోసం చూస్తుంది. వరండాలోకి వెళ్ళు."

వెళ్ళాను. తీగ మీద గువ్వ మేజోళ్ళు ఆరుతున్నాయి, గాలిలో ఎవరో నడుస్తున్నట్టు. లోపల అత్తయ్య గొంతు వినబడింది. మెల్లగా. మెల్లగా. తర్వాత నీళ్ళ చప్పుడు. సన్నగా మొదలై, లావై, ఠక్కున ఆగింది.

లోపలికి వచ్చేసరికి గ్లాసు నిండి ఉంది. నీలం టేపు దాకా, సరిగ్గా. బల్ల మీద చుక్క పడలేదు.

"చూశావా?" అంది అత్తయ్య. ఆవిడ గెలిచినట్టు అనలేదు. పెద్దగా ఏడ్చి ఊరుకున్న పిల్లకి చెప్పినట్టు అంది. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి.

నేను లాండ్రీ అక్క వైపు చూశాను. ఆమె చూసి ఉంటుంది కదా. ఆమె తువ్వాలు పక్కన పెట్టి, తన కుడి మోచేతిని ఎడమ అరచేత్తో పట్టుకుని కూర్చుంది.

"ఇక్కడ వెచ్చగా ఉంటుంది" అంది.

"ఏమిటే?" అంది అత్తయ్య.

"టీచర్ చెయ్యి. ఇప్పుడు కూడా. దుప్పటి మడిచేటప్పుడు." ఆమె మాటలు ఎప్పుడూ దూరం నుంచి నడిచొస్తాయి. "చెయ్యి తీసేసిన రోజు ఏడ్చాను."

"ఏడవలేదే. నన్ను కొరికావు" అంది అత్తయ్య, నవ్వుతూ.

"కొరికాను" అని లాండ్రీ అక్క ఒప్పుకుంది. "తర్వాత ఏడ్చాను. ఇంటికెళ్ళి."

అత్తయ్య నవ్వు ఆగింది. ఆ మాట ఇన్నేళ్ళలో ఆవిడ వినలేదని తెలుస్తూనే ఉంది. "నీ చెయ్యి వదలడానికి రెండేళ్ళు పట్టింది నాకు" అంది. "రోజూ అనుకునేదాన్ని, ఇవాళ తీసేస్తాను, ఇవాళ తీసేస్తాను అని. నీకు కాదు, నాకు ధైర్యం చాలలేదు."

ఇప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. ఇంతకంటే మంచి సమయం రాదు. అత్తయ్యా, ఇందాక మీ చెయ్యి ఎక్కడుంది, అంటే చాలు.

గువ్వ గ్లాసు ఎత్తి నీళ్ళు తాగింది. అందరం అది తాగడం చూస్తూ ఉండిపోయాం. సమయం దాటిపోయింది.

*

ఆదివారం ఆయన పనికి వెళ్ళారు. అత్తయ్య బట్టల పెట్టెలోంచి పాత నోటుబుక్కులు తీసి గది నిండా పరుచుకుంది. పిల్లకో పుస్తకం. కొన్నిటి అట్టలు రంగు వెలిసి పాలమీగడలా ఉన్నాయి. ఆవిడ చదవడం లేదు. ఒక్కోదాన్ని తెరిచి, మొదటి పేజీ మీద చెయ్యి పెట్టి, మూసేస్తోంది.

నేను వంటింట్లో నా పుస్తకం తెరిచాను.

మూడు నెలల గీతలు. నిజం చెప్పాలంటే అవి చూస్తే నాకు ముచ్చటగా ఉండేది. నేను చదివినన్నాళ్ళూ నా పుస్తకాల్లో ఇన్ని మంచి గుర్తులు ఒకేచోట ఎప్పుడూ పడలేదు. పెన్ను తీసి మొదటి పేజీ నుంచి ఒక్కో గీతనీ కొట్టేసి, రెండో గడిలో కొత్త గీత పెట్టాను. మోచెయ్యి తాకి. మోచెయ్యి తాకి. అలా రాస్తుంటే ఆ సాయంత్రాలన్నీ మళ్ళీ ఒకదాని వెనక ఒకటి వంటింట్లోకి వచ్చి కూర్చున్నట్టుంది. నీళ్ళ చప్పుడు, గువ్వ చెవి వెనక సబ్బు వాసన, నా చేతిలో దాని మోచెయ్యి, చిన్న గుడ్డులా. ఎంత తేలిగ్గా ఉండేదంటే, చివరి నెలలో నా చెయ్యి అక్కడుందని నాకే తెలిసేది కాదు.

"దిద్దుతున్నావా?"

అత్తయ్య గుమ్మంలో నిలబడింది, మొన్న నిలబడిన చోటే.

"దిద్దాను."

వచ్చి పుస్తకం తీసుకుంది. పేజీలు తిప్పింది. ఏ పేజీ దగ్గరా ఆగలేదు.

"రెండు పుస్తకాలూ ఇప్పుడు కలవవు. తెలుసా?"

"తెలుసు."

"మేడమ్ ఎవరి మాట నమ్ముతుందో అది కూడా తెలుసా?"

"మీ మాటే."

"మరి ఎందుకు దిద్దావు?"

"ఎవరో ఒకరు దిద్దాలి కదా అత్తయ్యా."

ఆవిడ కళ్ళు నా మొహం మీద ఆగిపోయాయి. నేను అన్నదాంట్లో ఇంకేదో ఉందని ఆవిడకి అనిపించింది. ముప్పై ఒక్క ఏళ్ళు మాటలు రాని పిల్లల మొహాలు చదివిన మనిషి. నేను పొయ్యి వైపు తిరిగి, శుభ్రంగా ఉన్న గట్టునే మళ్ళీ తుడిచాను.

"నేను ఆ పిల్లకి శత్రువుని కాదు" అంది అత్తయ్య, నా వీపుతో.

"నేనూ కాదు అత్తయ్యా."

"నేను పోయాక దానికెవరు అన్నదే నా భయం."

"నాకూ అదే" అన్నాను. "మీరు పోయాక ఏమిటి, ఇప్పుడే."

పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. రాత్రి భోజనాల దగ్గర ఆయన ఒక లిఫ్టులో ఇరుక్కున్న పెళ్ళివారి కథ ఏదో చెప్పారు. పెళ్ళికొడుకు భయపడితే పెళ్ళికూతురు జోకులు చెప్పిందట. గువ్వ ఒక్కతే ఆయన మొహం చూసి కూసింది.

*

సోమవారం పొద్దున బడి వరండా అంతా పాలరంగు వెలుగు. మంచు ఇంకా పోలేదు. మేడ మీద నలభైమంది ఒకేసారి ఎక్కం చదువుతున్న చప్పుడు, మెట్ల మీంచి జారి, మా దగ్గరికొచ్చేసరికి ఉత్త గుయ్యి అన్న శబ్దంగా మిగిలింది. గువ్వ రెండు చెవులూ మూసుకుని నడిచింది.

నేను వరండా మధ్యలో ఆగాను. "అత్తయ్యా."

ఆవిడ ఆగింది.

చెప్పేద్దామనే ఆగాను. ఆవిడ చేతిలో తాళంచెవి ఉంది. గదికి తాళం వెయ్యరు, ఏనాడూ వేసింది లేదు, అయినా ముప్పై ఒక్క ఏళ్ళుగా చేత్తో పట్టుకునే వస్తుంది. నేను ఆ తాళంచెవినే చూశాను.

"మీ స్వెట్టరు కాలరు మడతపడింది" అన్నాను. సరిచేశాను. ఆవిడ సరిచేయించుకుంది.

ఆఫీసు మేడమ్ అప్పటికే గదిలో ఉంది. నా కంటే పెద్ద, అత్తయ్య కంటే చిన్న. బూడిద రంగు కోటు. కరుకు మనిషి వస్తుందనుకున్నాను, కాదు. పిల్లల ఎత్తుకి సరిపోయే చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి చూసింది. శుభ్రమైనదీ, కొట్టివేతలదీ.

"ఇది ఎవరు దిద్దారు?"

"నేనే" అన్నాను.

"ఎందుకు?"

"ఇంట్లో నేను మోచెయ్యి పట్టుకునేదాన్ని. తప్పు గడిలో రాశాను."

"బడిలో?" అని అత్తయ్యని అడిగింది.

"తనంతట తాను" అంది అత్తయ్య. ఆ మాటలో తొణుకు లేదు.

మేడమ్ తన కాగితం తీసుకుంది. దాని మీదా మూడు గళ్ళే. కాకపోతే ఇది పెన్సిలు కాదు, పెన్ను. "ఇవాళ నేను చూసిందే రాస్తాను" అంది. "పాత గీతలు పక్కన పెడదాం. పాపని పోసుకోమనండి. ఎవరూ దగ్గరికి రావద్దు."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, చేతులు కట్టుకుని. అత్తయ్య బల్లకి ఆ పక్కన, నాలుగడుగుల దూరంలో, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. గువ్వ కుర్చీలో కూర్చుంది. జగ్గు. గ్లాసు. నీలం టేపు.

"మెల్లగా" అంది అత్తయ్య.

గువ్వ జగ్గు పిడి పట్టుకుంది.

ఆగింది.

మిగతా ఏడు కుర్చీల్లో పిల్లలు కూడా ఆగిపోయారు. కిటికీ అద్దం మీద మంచు కరిగి ఒక చుక్క కిందికి జారుతోంది. మధ్యలో ఇంకో చుక్కతో కలిసి లావై, తొందరగా జారింది. నేను నా చేతులు ఎంత గట్టిగా కట్టుకున్నానంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి. గువ్వ నా వైపు చూస్తుంది అనుకున్నాను. చూస్తే తల అడ్డంగా ఊపాలి అనుకున్నాను. నిలువుగా ఊపాలి అని కూడా అనుకున్నాను.

గువ్వ నా వైపు చూడలేదు.

జగ్గు వదిలి కుర్చీ దిగింది. బల్ల చుట్టూ తిరిగి నడిచింది, ఎవరో చాలాసార్లు నడిచిన దారిలో నడిచినట్టు. అత్తయ్య వీపు వెనక ఆగింది. వెనక్కి కట్టుకున్న ఆ చేతుల్లోంచి కుడి చెయ్యి విడదీసి, వేలు పట్టుకుని తీసుకొచ్చింది. అత్తయ్య వచ్చింది. ఎందుకొస్తోందో తెలియకుండానే నాలుగడుగులూ వచ్చింది. గువ్వ మళ్ళీ కుర్చీ ఎక్కి, ఆ అరచేతిని తన మోచేతి కింద పెట్టుకుంది. కొంచెం ఇటు జరిపింది. కొంచెం అటు. రోజూ ఉండే చోటు దొరికేదాకా.

అప్పుడు నీళ్ళు పోసింది. సన్నగా మొదలై, లావై, నీలం గీత దగ్గర ఠక్కున ఆగాయి.

గువ్వ కూసింది.

మేడ మీద ఎక్కం అయిపోయింది, ఆ గుయ్యి శబ్దం కూడా లేదు.

అత్తయ్య తన చెయ్యి వైపు చూస్తోంది. అది ఎవరిదో, ఎప్పుడొచ్చిందో అన్నట్టు. తీసెయ్యలేదు. తీస్తే గ్లాసు కదులుతుందని భయపడుతున్నట్టు అలాగే పట్టుకుని ఉంది.

మేడమ్ గొంతు చాలా మెత్తగా ఉంది. "ఎన్ని రోజులుగా, టీచర్ గారూ?"

అత్తయ్య పెదాలు కదిలాయి. మాట రాలేదు. ఆ గదిలో మాటలు రానివాళ్ళు ఎలా చూస్తారో అలా చూసింది. మేడమ్ వైపు కాదు, నా వైపు. చేతులు కట్టుకుని గోడకి అంటుకున్న నన్ను చూసింది. నేను ఆశ్చర్యపోలేదని చూసింది.

"అమ్మాయ్" అంది. "నీకు ముందే తెలుసా?"

మేడమ్ పెన్ను కాగితం మీద, రెండో గడికీ మూడో గడికీ మధ్య ఆగి ఉంది. గువ్వ గ్లాసు ఎత్తి, రెండు చేతులతో, ఎవరి సాయమూ లేకుండా, చివరి చుక్కదాకా తాగడం మొదలుపెట్టింది.